నిశ్శబ్దంలో వినికిడి: జాన్ కేజ్ సంగీతము, హాల్బర్‌స్టాట్ దేవాలయము – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

జర్మనీ దేశంలోని హాల్బర్‌స్టాట్ పట్టణంలో సెయింట్ బుర్కార్డి అనే పాత రాతి దేవాలయం ఉంది. అందులో 2001 సెప్టెంబరు 5న ఒక ఆర్గన్ కృతిని వాయించడం మొదలుపెట్టారు. అది 2640 సెప్టెంబరు 4న ముగియాలని నిర్ణయం. అంటే మొత్తం 639 సంవత్సరాలు. ఆర్గన్ ముందు వాయించే మనిషి కూర్చుని ఉండడు. మీటలు పైకి లేవకుండా ఇసుక సంచుల బరువు పెట్టారు. తిత్తుల్లోకి గాలి కరెంటు సాయంతో అందుతుంది. ఒక స్వరాల కలయిక నుండి మరొక దానికి మారడానికి ఒకసారి నెలలు, మరొకసారి సంవత్సరాలు పడుతుంది. 2013 అక్టోబరు 5న మారిన స్వరాలు మళ్లీ 2020 సెప్టెంబరు 5 దాకా మారలేదు. మారే రోజున దూరదేశాల నుండి జనం వచ్చి ఆ చిన్న దేవాలయంలో నిలబడి వింటారు.

ఈ కృతిని రచించినవాడు అమెరికా స్వరకర్త జాన్ కేజ్ (1912–1992). ఇరవయ్యవ శతాబ్దపు సంగీతంలో ఈయన పేరు ఎంత ప్రసిద్ధమో, అంత వివాదాస్పదం కూడా. మేము బి.డి. చదువుతున్న రోజుల్లో ఆరాధనా సంగీతం బోధించే అధ్యాపకుడొకరు, ఒక్క స్వరమైనా వాయించని పియానో కృతి ఒకటి ఉందని చెప్పగానే తరగతి అంతా గొల్లుమంది. మేమూ నవ్వాము. ఆ నవ్వు తప్పని గ్రహించడానికి మాకు పరిచర్యలో చాలా సంవత్సరాలు పట్టింది. ఆ కారణం ఈ వ్యాసం చివరి భాగంలో మనవి చేస్తాము.

ఈ వ్యాసంలో కేజ్ జీవితాన్ని, ఆయన ప్రయోగాలను, హాల్బర్‌స్టాట్‌లో జరుగుతున్న ఈ సుదీర్ఘ వాదనాన్ని చారిత్రకంగా పరిశీలించి, కాపరులమైన మనం వీటి నుండి ఏమి స్వీకరించవచ్చునో, ఎక్కడ ఆగిపోవాలో ఆలోచిద్దాం. మా అభిప్రాయం ముందుగానే చెబుతాము. కేజ్ తన కాలానికి వినడం నేర్పాడు. వినుట వలన పుట్టిన సంఘమే ఆ పాఠాన్ని మరచిపోయే స్థితిలో ఉంది. అయితే కేజ్ పాఠం గుమ్మం దాకానే తీసుకువెళ్తుంది, లోపలికి తీసుకువెళ్లదు.

1. ప్రసంగీకుని మనవడు

జాన్ కేజ్ 1912 సెప్టెంబరు 5న లాస్ ఏంజెలెస్ నగరంలో జన్మించాడు. తండ్రి కొత్త యంత్రాలను కనిపెట్టే వ్యక్తి. తాత మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘంలో ప్రసంగీకుడు. 1928లో హైస్కూలు చదువును తరగతిలో ప్రథముడిగా ముగించిన కేజ్ పొమోనా కళాశాలలో చేరాడు. అప్పటికి ఆయన ఉద్దేశం తాతవలె సంఘ పరిచర్యలో ప్రవేశించాలనే.

అక్కడ జరిగిన ఒక సంగతిని కేజ్ తరువాతి కాలంలో తరచుగా చెప్పేవాడు. కళాశాల గ్రంథాలయంలో వందమంది విద్యార్థులు ఒకే పుస్తకం ప్రతులను చదువుతూ కనిపించారట. ఈయన మాత్రం పుస్తకాల గదిలోకి వెళ్లి, ఇంగ్లీషు అక్షరమాలలో చిట్టచివరి అక్షరంతో పేరు మొదలయ్యే రచయిత పుస్తకాన్ని తీసి చదివాడట. పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు ఈయనకే వచ్చాయట. అందరూ ఒకే దారిన నడవడమే చదువైతే ఆ చదువు నడపబడుతున్న తీరు సరికాదని నిర్ణయించుకుని, 1930లో కళాశాల వదలి ఐరోపాకు వెళ్లాడు. పరిచర్య ఆలోచన కూడా అక్కడితో ఆగిపోయింది.

తిరిగి వచ్చిన తరువాత, 1930ల మధ్యకాలంలో, ఆయన ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ వద్ద సంగీతం అభ్యసించాడు. షోన్‌బెర్గ్ యూదుడు, హిట్లరు అధికారంలోకి వచ్చిన 1933లోనే ఐరోపా విడిచి అమెరికా చేరిన మహా స్వరకర్త. కేజ్‌కు హార్మొనీ, అంటే స్వరాల పొందిక, పట్టుబడడం లేదని గురువు గ్రహించాడు. ఈ లోపంతో సంగీతం రాయబోతే ఎప్పుడూ దాటలేని గోడ ఒకటి ఎదురవుతుందని హెచ్చరించాడు. అలాగైతే నా జీవితమంతా ఆ గోడకు తల మోదుకుంటూ గడుపుతానని శిష్యుడు జవాబిచ్చాడు. తనలో లేనిదాన్ని ఉన్నట్లు నటించకుండా, ఆ లోటు నుండే కొత్త మార్గం వెదకడం కేజ్ జీవితంలో మొదటి నుండి కనిపించే గుణం.

2. మరలు బిగించిన పియానో, భారతదేశపు గురువు

1940లో కేజ్ సియాటిల్ నగరంలోని కార్నిష్ పాఠశాలలో నాట్య తరగతులకు సంగీతం సమకూరుస్తున్నాడు. సివిల్లా ఫోర్ట్ అనే నల్లజాతి నాట్యకారిణి తన నృత్యానికి సంగీతం కోరింది. ఆఫ్రికా తీరులో తాళవాద్యాల బృందం కావాలి. వేదికపైన ఉన్న చోటు మాత్రం ఒక్క పియానోకే సరిపోతుంది. అప్పుడు కేజ్ పియానో మూత తెరచి, తీగల మధ్య మరలు, బోల్టులు, తలుపు సందులకు పెట్టే పట్టీలు వంటివి దూర్చాడు. మీట నొక్కితే పియానో స్వరానికి బదులు డోలు, గంట, చెక్క మోత వంటి శబ్దాలు వచ్చాయి. ఒక్క మనిషి చేతుల కింద తాళవాద్యాల మేళమంతా మోగింది. దీనికే ‘సిద్ధపరచిన పియానో’ అని పేరు వచ్చింది. పేదవాడి ఇంట్లో ఉన్న వస్తువుతోనే పని గడిపినట్లు, ఇరుకు చోటే ఇక్కడ కొత్త వాద్యానికి తల్లి అయింది.

ఈ దశలోనే కేజ్ జీవితంలోకి భారతదేశం ప్రవేశించింది. అహమదాబాదుకు చెందిన గీతా సారాభాయ్ 1946లో న్యూయార్కు వచ్చింది. పాశ్చాత్య సంగీతపు దాడికి మన సంగీతం ఏమైపోతుందోనన్న ఆందోళనతో, ముందు ఆ సంగీతాన్నే అర్థం చేసుకోవాలని వచ్చింది. కేజ్ ఆమెకు పాశ్చాత్య సంగీతం నేర్పాడు, ఆమె ఆయనకు భారతీయ సంగీతం నేర్పింది. డబ్బు ప్రసక్తి లేదు. సంగీతం దేనికోసమని మీ గురువు చెప్పేవారని కేజ్ ఆమెను అడిగాడు. మనస్సును నెమ్మదిపరచి దైవ ప్రభావానికి లోబడేటట్లు చేయడమే సంగీతపు పని అని తన గురువు బోధించినట్లు ఆమె చెప్పింది. ఈ మాటను కేజ్ మరణించే వరకు మరచిపోలేదు. వెళ్లిపోయేటప్పుడు ఆమె ఆయనకు రామకృష్ణ పరమహంస బోధల గ్రంథాన్ని కానుకగా ఇచ్చింది.

1946 నుండి 1948 వరకు కేజ్ రచించిన ‘సొనాటాలు, ఇంటర్‌లూడ్లు’ అనే ఇరవై పియానో ఖండికలు ఈ ప్రభావం నుండి పుట్టినవే. ఆనంద కుమారస్వామి రచనల ద్వారా తెలిసిన రస సిద్ధాంతాన్ని ఆయన అందులో ఆధారం చేసుకున్నాడు. శృంగారం, వీరం మొదలైన ఎనిమిది రసాలూ చివరకు శాంతం వైపు ప్రవహిస్తాయన్నది అందులోని భావం. నవరసాలు మన తెలుగు విద్యార్థికి పాఠశాలలోనే పరిచయం. ఆ మాటే పాశ్చాత్య సంగీతపు దారిని మళ్లించిందని మనలో చాలామందికి తెలియదు. 1964లో మెర్స్ కన్నింగ్‌హామ్ నాట్యబృందంతో కలిసి కేజ్ భారతదేశానికి కూడా వచ్చాడు. ఆయన సహచరుడు డేవిడ్ ట్యూడర్ 1969లో అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో ఎలక్ట్రానిక్ సంగీతశాల ఏర్పాటుకు తోడ్పడ్డాడు.

3. నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు

1951లో కేజ్ హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఒక ప్రత్యేకమైన గదిలోకి వెళ్లాడు. బయటి శబ్దం లోపలికి రాకుండా, లోపలి శబ్దం గోడలకు తగిలి ప్రతిధ్వనించకుండా కట్టిన గది అది. సంపూర్ణ నిశ్శబ్దం ఎలా ఉంటుందో వినాలని వెళ్లినవానికి రెండు శబ్దాలు వినిపించాయి. ఒకటి సన్ననిది, మరొకటి మందమైనది. సన్ననిది నీ నాడీమండలం పనిచేసే శబ్దం, మందమైనది నీ రక్తప్రవాహం అని అక్కడి ఇంజనీరు చెప్పినట్లు కేజ్ రాశాడు. నాడుల పని చెవికి వినిపించదని, అది చెవిలోనే పుట్టే గింగురు కావచ్చునని తరువాతి వారు సవరించారు. అయినా కేజ్ గ్రహించిన సంగతి చెక్కుచెదరలేదు. బ్రదికి ఉన్న మనిషికి పూర్తి నిశ్శబ్దమన్నది లేదు. నిశ్శబ్దమని మనం అనుకునేది మనం వినదలచుకోని శబ్దాల సముదాయమే.

దీని ఫలితమే మేము విద్యార్థి దశలో నవ్విన కృతి. దాని పేరు 4'33". అంటే నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు. 1952 ఆగస్టు 29న న్యూయార్కు రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ వద్ద, మావెరిక్ అనే కచేరీశాలలో డేవిడ్ ట్యూడర్ దీనిని ప్రదర్శించాడు. ఆ శాల అడవి మధ్య ఉన్న కొయ్య కట్టడం. ట్యూడర్ పియానో ముందు కూర్చుని మీటల మూత మూశాడు. గడియారం చూస్తూ, మూడు భాగాలకు గుర్తుగా మూత తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఒక్క మీట కూడా నొక్కలేదు. ఆనాడు మొదటి భాగంలో బయట గాలి వినిపించిందని, రెండవ భాగంలో పైకప్పు మీద వాన చినుకులు పడ్డాయని, మూడవ భాగంలో జనమే గుసగుసలాడుతూ, లేచిపోతూ చిత్రమైన శబ్దాలు చేశారని కేజ్ చెప్పాడు. చాలామందికి కోపం వచ్చింది. తమను ఎగతాళి చేశారనుకున్నారు.

ఎగతాళి చేసేవాడు ఇంత కష్టపడడు. ఈ కృతి వెనుక సంవత్సరాల తరబడి ఆలోచన ఉంది. చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1951లో ఏ బొమ్మా లేని తెల్లటి చిత్రపటాలు వేశాడు. గదిలోని వెలుగు, నడిచే మనుషుల నీడలు వాటిపై పడి అవే చిత్రాలయ్యాయి. వాటిని చూశాక కేజ్‌కు ధైర్యం వచ్చింది. తెల్లని పటం వెలుగు కోసం ఖాళీగా ఉన్నట్లే, ఈ కృతి శబ్దం కోసం ఖాళీగా ఉంది. వాద్యకారుడు మౌనం వహిస్తాడు, వినేవాని పని అక్కడ మొదలవుతుంది.

4. కచేరీశాల దాటిన శబ్దం

అప్పటి నుండి కేజ్ తన ఇష్టాయిష్టాలను సంగీతం నుండి తొలగించడానికి పూనుకున్నాడు. ‘ఐ చింగ్’ అనే ప్రాచీన చైనా శకునగ్రంథం 1951 ప్రాంతంలో ఆయన చేతికి వచ్చింది. నాణేలు ఎగురవేసి, అందులోని 64 గుర్తుల ప్రకారం ఏ స్వరం, ఎంతసేపు, ఎంత గట్టిగా అని నిర్ణయించేవాడు. జపాను బౌద్ధ పండితుడు డి.టి. సుజుకి ఉపన్యాసాలు కూడా ఆయనను ఈ మార్గంలో నడిపించాయి. 1951 నాటి మరొక కృతిలో వాద్యాలే లేవు. 12 రేడియోలను 24 మంది నడుపుతారు. ఒకరు స్టేషను మారుస్తారు, మరొకరు ధ్వని తగ్గిస్తూ పెంచుతూ ఉంటారు. ఆ సమయానికి గాలిలో ఏ కార్యక్రమం వస్తే అదే సంగీతం.

తరువాత ఆయన కృతులు వేదికను విడిచిపెట్టాయి. 1969 మే 16న ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని విశాలమైన సభామందిరంలో, లెజారెన్ హిల్లర్‌తో కలిసి ఏడు హార్ప్సికార్డులు, కంప్యూటరు సాయంతో తయారుచేసిన టేపులు ఒకేసారి మోగించాడు. గోడల నిండా చిత్రాలు కదిలాయి. జనం కుర్చీలకు అతుక్కుపోకుండా అటూ ఇటూ తిరుగుతూ విన్నారు. సుమారు ఐదు గంటలు సాగిన ఆ కార్యక్రమంలో ఏ ఇద్దరూ ఒకే సంగీతం విని ఉండరు. ఎవరు ఎక్కడ నిలబడితే అక్కడి కలయికే వారి సంగీతం.

ఇలా ఒక స్థలాన్నే వాద్యంగా మలచి, శ్రోత తనకు ఇష్టమైనప్పుడు వచ్చి, నడిచి, వెళ్లేలా ఏర్పాటు చేయడాన్ని ‘శబ్ద ప్రతిష్ఠాపన’ అనవచ్చును. 1987లో జర్మనీలోని కాసెల్ నగరంలో జరిగిన ‘డాక్యుమెంటా 8’ కళాప్రదర్శనలో కేజ్ అటువంటిదొకటి చేశాడు. దానికి స్థలం కార్ల్స్‌కిర్షె అనే దేవాలయం. హెన్రీ థోరో 1849లో ప్రచురించిన శాసనోల్లంఘన వ్యాసంలోని మాటలను తీసుకుని, ఎరిక్ సాతీ రచించిన ‘పేదల మిస్సా’ అనే కృతి పేరులోని అక్షరాలను దారంగా చేసి, ఆ మాటలను కొత్తగా గుచ్చి, తన స్వరంతో చదివి లౌడుస్పీకర్ల ద్వారా దేవాలయమంతా వినిపించాడు. థోరో వ్యాసాన్ని మన గాంధీగారు చదివి ఆదరించిన సంగతి మనకు తెలుసు. అన్యాయపు చట్టానికి లొంగనని ఒంటరిగా నిలబడినవాని మాటలు, ఒక ప్రార్థనాస్థలంలో అనేక స్వరాలై చుట్టుముట్టాయి.

5. హాల్బర్‌స్టాట్: గడియారానికి లొంగని ఆర్గన్

అదే 1987లో కేజ్ ‘ఆర్గన్²/ఏ.ఎస్.ఎల్.ఎస్.పి.’ అనే కృతిని సిద్ధం చేశాడు. 1985లో పియానో కోసం రాసిన కృతికి ఇది ఆర్గన్ రూపం. పేరులోని అక్షరాలకు ‘సాధ్యమైనంత నెమ్మదిగా’ అని అర్థం. మొత్తం ఎనిమిది భాగాలు. ఎంత నెమ్మదిగా అన్నది ఆయన చెప్పలేదు. గెర్డ్ జాకర్ అనే ఆర్గన్ విద్వాంసుడు 1987లో మొదటిసారి వాయించినప్పుడు అరగంట లోపే పూర్తయింది.

కేజ్ 1992 ఆగస్టు 12న మరణించాడు. 1997లో జర్మనీలో కూడిన ఆర్గన్ విద్వాంసులు, సంగీత పండితులు, వేదాంతులు ఒక ప్రశ్న వేసుకున్నారు. పియానో స్వరం కొట్టిన వెంటనే క్షీణిస్తుంది. ఆర్గన్ స్వరం గాలి అందుతున్నంతసేపు నిలుస్తుంది. అలాగైతే సాధ్యమైనంత నెమ్మదిగా అంటే ఎంతకాలం? ఆర్గన్ నిలిచినంతకాలం, దానిని చూసుకునే మనుషులు ఉన్నంతకాలం అని జవాబు వచ్చింది.

హాల్బర్‌స్టాట్‌ను ఎన్నుకోవడానికి కారణం ఉంది. ఆ పట్టణపు కెథడ్రల్‌లో 1361లో నికోలస్ ఫాబర్ నిర్మించిన మహా ఆర్గన్ ఉండేది. ఇప్పుడు మనం హార్మోనియం మీద చూసే విధంగా సప్తకానికి పన్నెండు మీటల అమరిక గల తొలి పెద్ద ఆర్గన్లలో అది ఒకటి. 1619లో మైకేల్ ప్రెటోరియస్ తన సంగీత గ్రంథంలో దానిని వర్ణించాడు. 1361 నుండి 2000 వరకు లెక్కిస్తే 639 సంవత్సరాలు. గడచిన కాలం ఎంతో, రాబోయే కాలం కూడా అంత అని నిర్ణయించారు. 1361 అంటే మన ప్రాంతంలో కొండవీడు రెడ్డిరాజులు ఏలుతున్న కాలం. అంత పొడవైన కాలాన్ని ముందుకు పరచి, దాని మీద ఒక పాటను ఉంచారు.

ఎన్నుకున్న దేవాలయం చరిత్ర కూడా గమనించదగినది. సెయింట్ బుర్కార్డి పదకొండవ శతాబ్దంలో కట్టబడింది. సిస్టర్షియన్ సన్యాసినుల ఆశ్రమానికి అది శతాబ్దాలపాటు ఆరాధనాస్థలం. ముప్పై సంవత్సరాల యుద్ధంలో దెబ్బతిని, పద్దెనిమిదవ శతాబ్దారంభంలో బాగుచేయబడింది. 1810లో నెపోలియన్ తమ్ముడు జెరోం ఏలుబడిలో ఆశ్రమం మూతబడింది. తరువాత దేవాలయం కొట్టంగా, సారాబట్టీగా, తూర్పు జర్మనీ ప్రభుత్వ కాలంలో పందుల దొడ్డిగా వాడబడింది. పట్టణమూ 1945 ఏప్రిల్ 8న బాంబుదాడికి గురై చాలావరకు నేలమట్టమైంది. అలాంటి చోట, కిటికీలు సరిగా లేని గోడల మధ్య, ఆర్గన్ వచ్చి కూర్చుంది.

కృతి మౌనంతో ఆరంభమవుతుంది. కనుక 2001 సెప్టెంబరు 5న, కేజ్ పుట్టినరోజున, మొదలైన తరువాత 17 నెలలపాటు తిత్తుల గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. 2003 ఫిబ్రవరి 5న మొదటి మూడు స్వరాలు పలికాయి. ఆర్గన్ కూడా ఒక్కసారిగా కట్టబడలేదు. స్వరం అవసరమైనప్పుడు గొట్టం చేరుస్తారు, అవసరం తీరితే తీస్తారు. 2024 ఫిబ్రవరి 5న ఒక కొత్త గొట్టం చేర్చారు. కృతి పట్టిక ప్రకారం ఆ తరువాతి మార్పుకు తేదీ 2026 ఆగస్టు 5. ఒక భాగం పూర్తికావడానికే సుమారు 71 సంవత్సరాలు. ఖర్చు కోసం దాతలు ఒక్కొక్క సంవత్సరాన్ని ఎన్నుకుని విరాళమిస్తారు. వారి పేరుతో ఆ సంవత్సరపు రేకు ఒకటి గోడకు అమర్చబడుతుంది. తాము చూడని సంవత్సరానికి డబ్బు కట్టినవారు అక్కడ అనేకులు.

6. వేదాంతపరమైన మూల్యాంకనం

కేజ్‌లో మేము మెచ్చుకునేవి ప్రధానంగా రెండు.

మొదటిది, వినేవానికి ఆయన ఇచ్చిన గౌరవం. పౌలు రోమా పత్రిక పదవ అధ్యాయంలో విశ్వాసాన్ని వినికిడితో ముడిపెట్టాడు. హోరేబు కొండ మీద ఏలీయాకు దేవుడు గాలిలోను, భూకంపంలోను, అగ్నిలోను గాక, అవి అణగిన తరువాత కలిగిన నెమ్మదిలో ప్రత్యక్షమయ్యాడు. అయితే నేటి మన ఆరాధన చూడండి. మౌనప్రార్థన చేద్దామని కాపరి చెబుతాడు. పది సెకన్లు గడవకముందే కీబోర్డు మెల్లగా మొదలవుతుంది. అది ఆగితే కాపరే గొంతు సవరించుకుని ప్రార్థన అందుకుంటాడు. నిశ్శబ్దమంటే మనకు భయం. నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు మన సంఘం మౌనంగా కూర్చోగలదా అని ప్రతి కాపరి తనను తాను ప్రశ్నించుకోవాలి.

రెండవది, తాము చూడబోని ఫలం కోసం పనిచేసే ఓర్పు. బబులోను సేనలు ముట్టడి వేసి ఉన్నప్పుడు యిర్మీయా అనాతోతులో పొలం కొని, క్రయపత్రాన్ని మట్టికుండలో భద్రపరచాడు. హెబ్రీ పత్రిక పదకొండవ అధ్యాయంలోని పితరులు వాగ్దానాన్ని దూరం నుండి చూసి వందనం చేసి మృతిపొందారు. బాంబులు పడిన పట్టణంలో, పందులు తిరిగిన దేవాలయంలో, 2640 కోసం గొట్టం అమర్చేవారు ఆ జాతి మనుషులుగా మాకు కనిపిస్తారు.

అయితే మా అభ్యంతరాలు కూడా చెప్పక తప్పదు. కేజ్ నాణేలతో నిర్ణయించడాన్ని కొందరు అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలోని చీట్లతో పోలుస్తారు. పోలిక సరిపోదు. అపొస్తలులు చీట్లు వేయకముందు ప్రభువుకు మొరపెట్టారు. కేజ్ నాణేలు ఎవరికీ మొరపెట్టవు. తన అహాన్ని తొలగించుకోవడం వరకు ఆయన ప్రయత్నం గొప్పదే. ఖాళీ చేసిన ఆ ఇంట్లో ఎవరు నివసించాలన్న ప్రశ్నను మాత్రం ఆయన వదిలివేశాడు.

అంతకంటే ముఖ్యమైన అభ్యంతరం మరొకటి. శబ్దాలను శబ్దాలుగానే ఉండనివ్వాలి, వాటికి అర్థం అంటగట్టకూడదు అన్నది కేజ్ సిద్ధాంతం. వాన చినుకు విషయంలో మాకు అభ్యంతరం లేదు. ఏడుపు విషయంలో సంఘం అలా అనలేదు. ఐగుప్తులో ఇశ్రాయేలీయుల మొర దేవునికి కేవలం ధ్వనిగా వినిపించలేదు, ఆయనను దిగి వచ్చేటట్లు చేసింది. యెరికో దారిలో బర్తిమయి కేక వేసినప్పుడు జనసమూహం ఊరకుండుమని అతన్ని గద్దించింది. యేసు నిలిచి అతన్ని పిలిపించాడు.

ఇక్కడ మన తెలుగు సంఘాల చరిత్ర కూడా మాట్లాడాలి. మన విశ్వాసులలో అధిక సంఖ్యాకులు శతాబ్దాలపాటు నోరెత్తవద్దని ఆజ్ఞాపించబడిన ప్రజల సంతానం. వారికి డప్పు మోత, గొంతెత్తిన పాట, మైకులో సాక్ష్యం విడుదలకు గుర్తులు. వారిని మౌనంగా ఉండమనడానికి ఎవరైనా కేజ్‌ను వాడుకుంటే అది అన్యాయం. పైనుండి విధించిన మౌనం వేరు, ఎదుటివాని మాట కోసం మనమే వహించే మౌనం వేరు. కేజ్ కృతిలో మౌనం వహించేది వాద్యకారుడు, అంటే వేదిక ఎక్కి కూర్చున్నవాడు. దీనిని మనం గట్టిగా పట్టుకోవాలి. సంఘంలో మొదట మౌనం నేర్చుకోవలసినవాడు మైకు చేతిలో ఉన్నవాడే.

7. కాపరి పరిచర్యకు అన్వయం

మా నవ్వు తప్పని గ్రహించిన సందర్భం చెబుతామని ఉపోద్ఘాతంలో అన్నాము. కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఒక విధవరాలు తన ఒక్క కొడుకును పోగొట్టుకుంది. సమాధి కార్యక్రమమైన మూడవ రోజు ఆదరించడానికి ఆమె ఇంటికి వెళ్లాము. వాక్యం చదివాము, వివరించాము, పునరుత్థాన నిరీక్షణ గురించి చెప్పాము, దీర్ఘంగా ప్రార్థించాము. చెప్పినదంతా సత్యమే. బయలుదేరుతుంటే ఆమె గుమ్మం దాకా వచ్చి, “అయ్యగారూ, వాడి గురించి మీతో ఒక్క మాట చెప్పుకుందామనుకున్నానండి. మళ్లీ వచ్చినప్పుడు చెబుతాలెండి” అన్నది.

మేము తిరిగి లోపలికి వెళ్లి కూర్చున్నాము. ఆమె వెంటనే చెప్పలేదు. బయట ఎవరో బిందె కడుగుతున్న చప్పుడు, గోడ గడియారం చప్పుడు, ఆమె ఊపిరి వినిపించాయి. ఎంతసేపు గడిచిందో తెలియదు. తరువాత ఆమె కొడుకు చివరి రాత్రి తనతో అన్న మాటను చెప్పింది. ఆ మాట ఇక్కడ రాయడం ధర్మం కాదు. మేము ఆ పది నిమిషాల ముందే వెళ్లిపోయి ఉంటే ఆమె దానిని ఎప్పటికీ ఎవరికీ చెప్పి ఉండేది కాదని మాత్రం మాకు అర్థమైంది. దారిలో మాకు మా పాత తరగతి, మూత మూసిన పియానో గుర్తుకు వచ్చాయి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నంతకాలం మంచి కాపరులే. నోరు తెరచిన తరువాతనే వారు తప్పిపోయారు.

కనుక తోటి సేవకులకు, విద్యార్థులకు మా మనవి మూడు విషయాలు. ఆరాధన క్రమంలో మౌనప్రార్థన అని రాస్తే దానిని నిజంగా మౌనంగా ఉంచుదాం, కీబోర్డు వాయించే తమ్ముడికి ముందే చెబుదాం. దుఃఖగృహానికి వెళ్లినప్పుడు మొదట కూర్చుందాం, తరువాత బైబిలు తెరుద్దాం. మన తరువాత వచ్చే కాపరి కోసం, అతని తరువాత వచ్చే కాపరి కోసం కూడా సంఘంలో ఏదో ఒకటి నాటుదాం. మన పేరు దాని మీద ఉండకపోయినా నష్టం లేదు.

ముగింపు

జాన్ కేజ్ ప్రసంగీకుడు కాలేదు. తాత ప్రకటించిన దేవుని నామాన్ని ఆయన తన సంగీతంలో ప్రకటించలేదు. ఆయనను బలవంతంగా క్రైస్తవ సంగీతకారుల జాబితాలో చేర్చడం ఆయనకు గాని సత్యానికి గాని న్యాయం చేయదు. అయినప్పటికీ ఆయన మరణించిన తొమ్మిది సంవత్సరాలకు ఆయన కృతి ఒక పాడుబడిన దేవాలయంలోకి వెళ్లింది, దాని తలుపులు మళ్లీ తెరిపించింది. వినడానికే జనం అక్కడికి వస్తున్నారు. ఒక స్వరం మారడం కోసం ఏడేళ్లు వేచి ఉండగలుగుతున్నారు.

ప్రతి ఆదివారం మన యెదుట కూర్చునేవారు కూడా వినడానికే వస్తారు. వారికి మనం చెప్పవలసిన సువార్త ఉంది. అది కేజ్ వద్ద లేదు. అయితే వారు మనకు చెప్పదలచినది కూడా ఉంది. దానిని వినడానికి మనం ఎప్పుడైనా, నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లయినా, మూత మూసి కూర్చున్నామా?